మోచెయ్యి తొలిగితే నాడి ఎందుకు చూస్తారు?

ప్రశ్న: మా బాబు కబడ్డీలో చెయ్యి ఆనించి పడ్డాడు, మోచెయ్యి తొలిగింది. కీలు సరిచేశాక కూడా డాక్టరు గారు మాటిమాటికీ నాడి చూసి స్కాన్ రాశారు, ఎందుకండీ? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: డాక్టరు గారు మంచి పనే చేశారమ్మా. మోచెయ్యి ముందు నుంచే చేతికి రక్తం తీసుకెళ్లే బ్రేకియల్ ఆర్టరీ వెళ్తుంది, ఎముక వెనక్కి జారినప్పుడు అది సాగి లోపలి పొర చిరగొచ్చు, ఒక్కోసారి తెగిపోతుంది కూడా. ఇది అరుదే, కానీ అది తెగినా పక్కనున్న చిన్న నాళాల్లోంచి రక్తం అందుతూ చెయ్యి వెచ్చగానే ఉండొచ్చు, నాడి కూడా తగలొచ్చు, అందుకే సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు చూపించే స్కాన్, రాశారు. తెగితే కాలి సిర ముక్క తీసి అతుకుతారు, 6 గంటల్లోపైతే మేలు. వేళ్లు చాపితే భరించలేని నొప్పి, తిమ్మిరి, చల్లబడటం ఉంటే అర్ధరాత్రైనా వెళ్లండి. మసాజ్, నాటు కట్టు మాత్రం వద్దమ్మా, దయచేసి.