లేత్ కోసం 401కె మీద లోనా? ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 41. డాలస్ దగ్గర ఉంటున్నాం, గ్రీన్ కార్డ్ ఉంది. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, పిల్లలిద్దరు. నా దగ్గరున్న పాత .303 ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి సీసం బుల్లెట్లు నేనే పోసుకుంటాను. దాని బ్యారల్‌కి 0.316 అంగుళాల బుల్లెట్ కావాలి. ఆ సైజు డై (పోసిన బుల్లెట్‌ని లోంచి తోసి సరైన కొలతకు తెచ్చే గొట్టం) దొరక్క, 0.314 డై కొని లోపల వాటర్ పేపర్‌తో అరగదీసి సరిచేసుకున్నాను. రేంజ్‌లో చూసినవాళ్లు తమకూ చేసిపెట్టమన్నారు. మూడు నెలల్లో 9 అమ్మాను, ఒక్కోటి 45 డాలర్లు. లేత్, రంధ్రాన్ని సరైన కొలతకు తొలిచే రీమర్లు, దాన్ని కొలిచే పిన్ గేజ్‌లు కొంటే ఇనుప కడ్డీ నుంచే చేయొచ్చు, మెటీరియల్‌కి 12 డాలర్లకు మించదు. మొత్తం 18,000 డాలర్లు కావాలి. 401కెలో (ఆఫీసు ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా) 96,000 ఉంది, దాని మీద లోన్ తీసుకోనా, ఇంటి మీద క్రెడిట్ లైన్ తీసుకోనా? బ్యాంకులో 6,200 ఉంది, కార్డు మీద 8,400 బాకీ ఉంది. నెల ఖర్చు 6,800. ఖమ్మంలో ఒక ప్లాట్ ఉంది.

జవాబు: రెండూ వద్దు. ఏ లోన్ మంచిదని అడిగారు కానీ, బ్యాంకులో నెల ఖర్చుకు కూడా సరిపడా డబ్బు లేదన్న సంగతి మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే వరస. పనిముట్టు మీద మనసు పడుతుంది, అప్పు సులువుగా దొరుకుతుంది, అత్యవసర నిధి మాత్రం ‘తర్వాత చూద్దాం’ అవుతుంది.

ముందు మీ లెక్కే చూద్దాం. 18,000 లోన్, 8.5 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 370 డాలర్లు కట్టాలి. డై మీద మీకు మిగిలేది 33. అంటే వాయిదాకే నెలకు 12 డైలు అమ్మాలి. ఇప్పుడు అమ్ముతున్నది నెలకు మూడు. పోస్టేజీ, పన్ను, అరిగిపోయే రీమర్లు ఈ లెక్కలో లేవు. మీ టైమ్ అసలే లేదు. ఈ పనిలో టైమ్ ఎంత తింటుందో మీకే బాగా తెలుసు: కాస్త అరగదీయడం, తుడిచి ఒక బుల్లెట్ తోసి మైక్రోమీటర్‌తో కొలవడం, మళ్లీ అరగదీయడం. వెయ్యో వంతు అంగుళం ఎక్కువ పోతే ఆ డై పక్కన పడేయాల్సిందే. పైగా ఒకే డైలోంచి మెత్తటి సీసం ఒక కొలతలో, గట్టి మిశ్రమం మరో కొలతలో వస్తుంది. మీ సీసంతో సరిగ్గా వచ్చిన డై కొన్నాయన సీసంతో తేడా కొడితే, వెనక్కి పంపేది మీకే.

ఇక 401కె లోన్. నా డబ్బే నేను అప్పు తీసుకుంటున్నా కదా అనే ధైర్యంతో చాలామంది దీనిలోకి దిగుతారు. ఉద్యోగం ఉన్నంతకాలం ఇబ్బంది తెలియదు. లేఆఫ్ వస్తే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తం మీద పడుతుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు అంత సొమ్ము ఐఆర్ఏలో (సొంత రిటైర్మెంట్ ఖాతా) వేయలేకపోతే, దాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. మీ వయసుకి 10 శాతం పెనాల్టీ అదనం. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద అదే ఇన్సూరెన్స్ కొనసాగిస్తే కంపెనీ కట్టిన వాటా కూడా కలిపి ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. అప్పుడు ఆ 6,200 ఎన్నాళ్లు వస్తుంది? ఇంటి మీద క్రెడిట్ లైన్ అయితే ఇంకా దారుణం, వడ్డీ మారుతూ ఉంటుంది, తాకట్టులో ఉండేది పిల్లలు పడుకునే ఇల్లు. గరాజ్‌లో పెట్టే మెషీన్ కోసం ఆ పని చేయకండి.

ఖమ్మం ప్లాట్‌ని ఆపద్ధనం అనుకోవద్దు. కొనేవాడు దొరకాలి, రిజిస్ట్రేషన్ అవ్వాలి, ఎన్‌ఆర్‌ఐ కాబట్టి టీడీఎస్ కోస్తారు, సీఏ సర్టిఫికెట్ తెచ్చి డబ్బు ఇటు పంపించుకునేసరికి నెలలు గడుస్తాయి. మార్ట్‌గేజ్ ఒకటో తారీఖున కట్టాలి.

ఒక్క జీతం మీద నడిచే ఇల్లు మీది. ఆరు నెలల ఖర్చు అంటే 40,800 డాలర్లు. అది షేర్లలో కాదు, ఎఫ్‌డీఐసీ (ప్రభుత్వ డిపాజిట్ బీమా) రక్షణ ఉన్న సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. అయితే ఉన్న 6,200ని ముట్టుకోకుండా, ముందు కార్డు బాకీ తీర్చండి. 24 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 168 డాలర్లు ఊరికే పోతున్నాయి. అది తీరాక ఆ వాయిదా డబ్బును అలాగే నిధికి మళ్లించండి. డైల మీద వచ్చే ప్రతి డాలరూ అక్కడికే వెళ్లాలి. కంపెనీ తన వంతు కలిపే (మ్యాచ్) మేరకు 401కెలో వేయడం మాత్రం ఆపొద్దు.

డైలు చేయడం మానేయమని నేను అనడం లేదు. మీ చేతిలో పనుంది, అడిగేవాళ్లూ ఉన్నారు. రెడీమేడ్ డై కొని, చీల్చిన కర్రకు వాటర్ పేపర్ చుట్టి పెద్దది చేసే మీ పద్ధతికి పెట్టుబడి దాదాపు అక్కర్లేదు. ఆర్డర్ చెప్పేటప్పుడే సగం డబ్బు తీసుకోండి, కొనేవాళ్లను తమ సీసంతో పోసిన నాలుగు బుల్లెట్లు పంపమనండి. లేత్ తప్పనిసరైన ఆర్డర్ వస్తే ఊళ్లో మెషీన్ షాపుకిచ్చి చేయించండి. ఏడాదిపాటు నెలకు పదికి తగ్గకుండా ఆర్డర్లు వచ్చి, నిధి నిండితే, అప్పుడు వాడిన లేత్ ఒకటి నగదుతో కొనుక్కోండి. బుల్లెట్లే పోసి అమ్మాలనే ఆలోచన వస్తే మాత్రం ఆగండి, దానికి ఫెడరల్ లైసెన్స్ కావాలి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ, ఆఫీసు ఇచ్చే గ్రూప్ లైఫ్ కవర్ సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఇంటి పాలసీలు మామూలుగా వ్యాపార పనిని కవర్ చేయవు. పదో డై అమ్మే ముందే మీ ఏజెంట్‌కి ఫోన్ చేసి, అమ్మిన వస్తువు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు కడతారో రాతపూర్వకంగా అడగండి.