వందదాకా ఒప్పజెప్పే నాలుగేళ్ల పిల్లలకు లెక్క వచ్చినట్టేనా?

వచ్చినట్టు కాదు; ఒకటి నుంచి వంద దాకా గడగడా ఒప్పజెప్పడం వేరు, ఎదురుగా ఉన్న ఏడు వస్తువులను సరిగ్గా లెక్కపెట్టడం వేరు. మొదటిది పాటలా నోటికి వచ్చేస్తుంది. రెండోదానికి అంకెల వరుస తప్పకూడదు, ఒక్కో వస్తువుకు ఒక్క అంకే చెప్పాలి, చివర చెప్పిన అంకే మొత్తం అని తెలియాలి. అసలు కష్టం ఈ చివరిదే. చేత్తో తీసి పక్కన పెడుతూ లెక్కపెడితే అయినవేవో, మిగిలినవేవో కంటికి కనిపిస్తాయి, అందుకే త్వరగా పట్టుబడుతుంది.

విశాఖలో ఉంటే ఆర్కే బీచ్‌లో ఏరుకొచ్చిన గుల్లలు చాలు (నోట్లో పట్టనంత పెద్దవి చూసుకోండి). ఏడింటిని ఒక్కొక్కటిగా గిన్నెలో వేయించి, "మొత్తం ఎన్ని?" అని అడగండి. వెంటనే "ఏడు" అంటే అర్థమైనట్టే. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే టెన్షన్ పడకండి, కొన్నాళ్లు మూడు నాలుగు గుల్లలతోనే ఆడించండి. అవే ఏడింటిని దూరం దూరంగా పరిస్తే "ఎక్కువయ్యాయి" అంటారు చాలామంది. ఆ వయసులో అది మామూలే, తిట్టాల్సిన పని లేదు. వాళ్లచేతే మళ్లీ లెక్కపెట్టించండి.

ఆటలతో టైమ్ వేస్ట్, ముందు పలక మీద అంకెలు దిద్దించాలి అనుకోవడం అపోహ. 5 అని అందంగా రాసే పిల్లవాడు ఐదు గుల్లలు ఇవ్వమంటే గుప్పెడు తీసి ఇవ్వొచ్చు. 2020 జాతీయ విద్యావిధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దశకు ఆటల ద్వారా నేర్పడాన్నే సూచించింది.