ఆ ఎముకకు అయిదు లేదు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొహెంజొదారోలో ఇద్దరాడవాళ్లు మధ్యాహ్నం పనులయ్యాక అరుగుమీద మట్టి పాచికలు వేసుకునే మొదటి పేజీ ఎంతో బాగుంది. రెండో పేజీకి వచ్చేసరికి ఆట వదిలేసి విధి గురించి చెప్పడం మొదలుపెట్టావు. ‘విధి’ అన్న మాట ఆరుచోట్ల ఉంది. పాచిక ఎలా దొర్లిందో, ఎక్కడ ఆగిందో ఒక్కచోటా లేదు.

ఇంకొకటి. పైన ఒకటి పడితే అడుగున ఆరు ఉందని రాశావు. ఎదురు ముఖాలు కలిపితే ఏడు రావడం ఇవాళ్టి పాచిక లెక్క. మొహెంజొదారోలో దొరికిన కాల్చిన మట్టి పాచికల్లో ఒకటికి ఎదురుగా రెండు, మూడుకు నాలుగు, అయిదుకు ఆరు ఉంటాయి. నీ కథలో చిన్నామె ఓడిపోయి, పాచికను తిరగేసి చూస్తుంది కదా. ఆమెకు అక్కడ కనిపించాల్సింది రెండు. ఇది సరిచేస్తే ఆ ఘట్టం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే అడుగున కూడా ఆమెకు పెద్ద అంకె దొరకదు.

ఈ తప్పు నేనూ చేశాను. ఇరవయ్యారేళ్ల వయసులో గ్రీకుల కథ రాస్తూ, సైనికుడు పాచికగా ఎముక వేస్తే అయిదు పడిందన్నాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు రాశారు: “ఆ ఎముకకు అయిదు లేదమ్మా.” వారం రోజులు నిద్రపట్టలేదు. అది గొర్రెకో మేకకో వెనక కాలి చీలమండలో ఉండే ఎముక. నిలిచే పక్కలు నాలుగే. వాటికి లెక్క ఒకటి, మూడు, నాలుగు, ఆరు. రెండు, అయిదు లేనేలేవు.

మాంసం కొట్టులో అడిగి ఒకటి తెచ్చుకున్నాను. ఉడకబెట్టి, గీకి, మేడమీద ఎండబెట్టి, గచ్చునేల మీద వందసార్లు వేశాను. వెడల్పు పక్కలు 81 సార్లు పడ్డాయి, సన్నవి రెండూ కలిపి 19. వెడల్పు పక్కల్లో ఒకటి గుంటగా ఉంటుంది, రెండోది ఉబ్బుగా. సన్నపక్క పడబోయే ముందు ఎముక ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ క్షణంలో నా ఊపిరి ఆగేది. నాలుగు ఎముకలు కలిపి వేస్తే నాలుగూ వేరువేరు పక్కలు పడడాన్ని రోమన్లు తమ ప్రేమదేవత పేరుతో వీనస్ అని పిలిచి, అన్నిటికన్నా మేలైన పందెంగా ఎందుకు ఎంచారో నాకు అప్పుడు అర్థమైంది.

ఋగ్వేదం 10వ మండలంలో 34వ సూక్తం జూదరిది. అతని పాచికలు త్రిఫలలో వేసే తానికాయలే. సూక్తం దొర్లే కాయలతోనే మొదలవుతుంది. భార్య దూరమైన దుఃఖం ఆ తరవాతే. కిందికి దొర్లుతాయి, పైకి ఎగురుతాయి, చేతులు లేకుండానే చేతులున్నవాణ్ణి గెలుస్తాయి, చల్లగా ఉండి కూడా గుండెను కాలుస్తాయి అంటాడు. ఎన్నో రాత్రులు ఆ కాయల్ని గుప్పిట్లో పట్టుకున్నవాడే ఆ మాట అనగలడు. మనకూ ఎత్తు ఫలిస్తే ‘పాచిక పారింది’ అనే అలవాటుంది కదా! ఆ పారడం నీ కథలోకి రావాలి.

నువ్వు అచ్చనగిల్లలు ఆడిన పిల్లవే. రాయి పైకెగరేసి, అది దిగేలోగా కింద ఉన్నవి ఊడ్చుకునేటప్పుడు చూపు ఎక్కడుంటుందో నీకు తెలుసు. పైన ఉన్న రాయి మీదే! వేళ్లు మాత్రం నేలను తడుముకుంటాయి. మీ ఇంటి నేలమీద మళ్లీ ఆడి చూడు. కథలో పెద్దామె చేతుల్ని అక్కడి నుంచి తెచ్చుకో.

వైకుంఠ ఏకాదశికి వస్తానన్నావు, తప్పకుండా రా. ఆ రాత్రి జాగారానికి మా పక్కింటి మామి మేడమీద దాయం అనే పాచికలాట పరుస్తారు. పాచికలుగా వాడే పొడుగాటి ఇత్తడి కట్టెలు రెండింటినీ అరచేతుల మధ్య రాపాడించి వదులుతారు. రాపాడేటప్పుడు ఒక చప్పుడు, నేలను తాకేటప్పుడు ఇంకొకటి. ఆ ఆటలో ఒకటిని కూడా దాయమనే అంటారు; అది పడేదాకా కాయ గడిలో అడుగుపెట్టదు. కిందటేడు ఒకావిడ రెండు గంటలు కాచుకుంది, తల ఎత్తలేదు, కాఫీ చల్లారిపోయింది. నువ్వు ఆమె పక్కన కూచోవాలని నా కోరిక.

కథతో పాటు నా ఎముకను పొట్లం కట్టి పంపుతున్నాను. ఏ పక్క ఎంతో దానిమీద రాయలేదు. నువ్వే వేసి చూసుకో. వచ్చేటప్పుడు తిరిగి పట్టుకురా.

ఇట్లు,
మీ అత్తయ్య