బాయ్‌కాట్ అనే ఇంగ్లీష్ క్రియ ఎక్కడి నుంచి వచ్చింది? దాని సరైన అర్థం ఏమిటి?

బాయ్‌కాట్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. నిరసనగా ఒకరితో లేదా ఒక సంస్థతో లావాదేవీలన్నీ మానేయడం అని దాని అర్థం.

చార్లెస్ కనింగ్‌హామ్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామి దగ్గర ఏజెంటు. 1880లో పంటలు సరిగా లేక కౌలు తగ్గించమని రైతులు అడిగారు. వాళ్లు కోరినంత తగ్గించలేదు సరికదా, కొందరిని భూముల నుంచి ఖాళీ చేయించడానికి ఆయన సిద్ధపడ్డాడు. ఊరు ఊరంతా ఆయన్ని వెలేసింది. పనివాళ్లు మానేశారు, దుకాణాల్లో సరుకులివ్వలేదు. చేలో పంట కోసేవాళ్లే లేరు. చివరికి వేరే ప్రాంతం నుంచి 50 మంది కూలీలు వస్తే, వాళ్లకి కాపలాగా వందల మంది సైనికులు, పోలీసులు నిలబడాల్సి వచ్చింది! ఆ ఏడాదే పత్రికలు ఆయన పేరును క్రియగా వాడేశాయి. ఫ్రెంచ్, జర్మన్ భాషలూ ఆ మాటను తీసుకున్నాయి.

విద్యార్థులు క్లాసులకు వెళ్లకుండా నిరసన తెలిపితే అది బాయ్‌కాట్.

చాలామంది దీన్ని నిషేధంతో కలిపేస్తుంటారు. 'ప్రభుత్వం ఆ పుస్తకాన్ని బాయ్‌కాట్ చేసింది' అంటే తప్పు. అమ్మకూడదని ఆజ్ఞ వేస్తే అది నిషేధం, అంటే బ్యాన్. పాఠకులు తమంతట తాము కొనడం మానేస్తేనే బాయ్‌కాట్. ఇక ఇందులో 'అబ్బాయి' అనే అర్థమున్న బాయ్ గానీ, 'కోయడం' అనే అర్థమున్న కట్ గానీ లేవు.