145 రావాల్సింది 139 వచ్చింది: ఈ అమ్మాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది తణుకు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఏడాదిగా ఇంట్లోనే రేడియో యాంటెన్నాలు తయారుచేస్తోంది. వాళ్ల నాన్నగారి స్టీలు కొలత టేపును ముక్కలు చేసి పీవీసీ గొట్టానికి బిగించింది. మేడ మీద బట్టల తీగ ఊడదీసి ఆ చోట ఇంకేదో కట్టింది. రాత్రుళ్లు కంప్యూటర్‌లో వాటి నమూనాలు గీస్తూ కూర్చుంటుంది. ఇప్పటికి రేడియోలో వినడమే, తనేమీ పంపడం లేదు. ఈఏపీసెట్ దగ్గర పడుతోంది. బంధువులందరూ సీఎస్ఈ అంటున్నారు, తను ఈసీఈ అంటోంది. ఈ పిచ్చి కూడు పెడుతుందా? తన నోటుబుక్కు పేజీల ఫొటోలు పంపుతున్నాను. — ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం కన్నా ముందు ఆ ఫొటోలే చూశాను. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. ‘98 సెం.మీ. కోశాను. 145 రావాలి. 139 వచ్చింది. ఎందుకు?’ అని రాసుకుంది. అవి యాంటెన్నా పనిచేసే ఫ్రీక్వెన్సీ అంకెలు, మెగాహెర్ట్జ్‌లలో. కింద మూడు అనుమానాలు. నీళ్ల ట్యాంకు దగ్గరగా ఉందేమోనని యాంటెన్నాను దూరం జరిపి చూసింది, తేడా లేదు, కొట్టేసింది. కొలత తప్పేమోనని మళ్లీ కొలిచింది, సరిగ్గానే ఉంది, అదీ కొట్టేసింది. మిగిలింది తీగ మీది ప్లాస్టిక్ తొడుగు.

దొంగ అదే. 145 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. అందులో సగానికి కొంచెం తక్కువ తీసుకుని, ఆ తీగను నడిమికి విడదీస్తే డైపోల్ అవుతుంది. 98 అనే లెక్క సరైనదే, కానీ అది తొడుగు లేని ఉత్త తీగకు. ఇంటి వైరింగుకు వాడే తీగ మీది ప్లాస్టిక్ వల్ల తరంగం కాస్త నెమ్మదిస్తుంది. దాంతో తీగ తన కొలత కన్నా పొడవున్నట్టు ప్రవర్తిస్తుంది, ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. కంప్యూటర్‌లో గీసింది ఒక తీగ, మేడ మీద కట్టింది ఇంకో తీగ. రెండు చివర్లా రెండేసి సెంటీమీటర్లు తీసేశాక 145 వచ్చిందని పేజీ అడుగున ఉంది. బీటెక్ పూర్తిచేసి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇలాంటి పేజీ ఒక్కటి చూపించగలిగేవాళ్లు చాలా అరుదు.

ఇక కూడు సంగతి. దాచకుండా చెబుతాను: సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే యాంటెన్నా ఉద్యోగాలు తక్కువ. మంచివాటికి చాలాసార్లు ఎంటెక్ అడుగుతారు. అంటే గేట్ రాయాలి, చేతికి జీతం వచ్చేసరికి తోటివాళ్ల కన్నా రెండేళ్లు వెనకబడినట్టు అనిపిస్తుంది. ఆ రెండేళ్లు మీరు ఓపిక పట్టగలరా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. కానీ ఈ పని చేసే చోట్లు మనకు దూరంలో లేవు. హైదరాబాద్‌లో రక్షణ శాఖ ప్రయోగశాల డీఎల్ఆర్ఎల్ ఉంది, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉంది. బెంగళూరు దగ్గర బ్యాలాలులో చంద్రయాన్-1 కోసం నిలబెట్టిన 32 మీటర్ల డిష్ ఈసీఐఎల్ చేతిపనే. విశాఖపట్నంలో ఎలక్ట్రానిక్స్ పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ సమీర్ కేంద్రం ఉంది.

వీటన్నిటి కన్నా మీ అమ్మాయికి గాదంకి సంగతి చెప్పండి. తిరుపతికి దగ్గరలో ఉన్న ఆ ఊళ్లో అంతరిక్ష శాఖ వాళ్ల జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. పై గాలుల కదలికలు పసిగట్టే 53 మెగాహెర్ట్జ్ రాడార్ అక్కడిది. డిష్ ఏమీ ఉండదు. మైదానంలో వరుసలు కట్టి నిలబెట్టిన 1024 జతల యాగి యాంటెన్నాలే ఆ రాడార్. టేపు ముక్కలతో మీ అమ్మాయి బిగించింది కూడా యాగియే, కాకపోతే చిన్న చెల్లెలు. దూరదర్శన్ రోజుల్లో ప్రతి డాబా మీదా చేప ముల్లులా నిలబడి ఉండేదే, మీకూ తెలుసు. 1926లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో ఉదా, యాగి అనే ఇద్దరు బయటపెట్టిన రూపం.

సీఎస్ఈయా, ఈసీఈయా అన్నదానికి జవాబు కూడా ఆ నోటుబుక్కులోనే వెతికాను. ఆ నమూనాల ప్రోగ్రాం తీగను చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో ఎంత కరెంటు పారుతుందో లెక్కగడుతుంది. ఇంటర్‌లో చదివిన మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలే దాని కడుపులో ఉన్నవి. 139 చూడగానే ‘ఈ ప్రోగ్రాంకు తొడుగు సంగతి నేర్పడం ఎలా’ అని కూర్చుని ఉంటే, సందేహం లేకుండా సీఎస్ఈ అనేవాణ్ణి. మీ అమ్మాయి కటింగ్ ప్లేయరు అందుకుంది. నా ఓటు ఈసీఈకి. అయితే సరదా వేరు, విద్యుదయస్కాంత సిద్ధాంతం వేరు. డైపోల్ కట్టడం ఇష్టమై, దాని వెనక లెక్కలంటే పారిపోయేవాళ్లనూ చూశాను. మాత్రికల అధ్యాయం తనకు నచ్చిందో లేదో ఒకసారి అడగండి.

ఇప్పటికి వింటోందంతే అని రాశారు కాబట్టి సరిపోయింది. మాట పంపాలంటే మాత్రం అమెచ్యూర్ రేడియో (వ్యాపారానికి కాకుండా ఇష్టంకొద్దీ నడిపే రేడియో) లైసెన్సు ఉండి తీరాలి, లేకుండా పంపితే నేరం. టెలికాం శాఖ పెట్టే పరీక్షకు పన్నెండేళ్లు నిండితే చాలు. మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి) అక్కర్లేదు. హైదరాబాద్‌లో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, వాళ్లను అడిగితే దారి చెబుతారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ బృందం అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు పంపింది వాళ్ల రేడియోలే.

ఈ పరీక్ష కూడా ఈఏపీసెట్ అయ్యాకే. అప్పటిదాకా ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు మేడ తనది, మిగతా వారమంతా పుస్తకం అని ఒప్పందం చేసుకోండి. పూర్తిగా మాన్పించాలని మాత్రం చూడకండి, రాత్రి దుప్పట్లో ఫోను పట్టుకుని అదే చదువుతుంది.

ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉండాలి. వీధి కరెంటు తీగలు మేడకు ఎంత దూరంలో ఉన్నాయో స్వయంగా చూడండి. తను నిలబెట్టే గొట్టం ఎటు పడినా వాటికి అందకూడదు. ఉరుము వినపడితే మేడ దిగాల్సిందే. బట్టల తీగ విషయంలో న్యాయం మీ వైపే ఉంది, తన చేతే మళ్లీ కట్టించండి.