గొయ్యి పూడ్చారు, కాగితం అడగలేదు

ప్రశ్న: న్యూజెర్సీలో మా పెరట్లో పాతిన 550 గ్యాలన్ల హీటింగ్ ఆయిల్ ట్యాంకును 5 ఏళ్ళ 2 నెలల క్రితం తీయించాం. స్నేహితుడు చెప్పిన మనిషే కదా అని 1,800 డాలర్లు నగదు ఇచ్చాం. ఇప్పుడు ఇల్లు అమ్ముతుంటే కొనేవారి లాయరు పర్మిట్, మట్టి పరీక్ష రిపోర్టు అడుగుతున్నారు. కాంట్రాక్టరు ఫోనెత్తడు. స్నేహితుడే ముంచాడని కుమిలిపోతున్నాం. అమ్మకం ఫారంలో ట్యాంకు ఊసెత్తకపోతే?

జవాబు: స్నేహితుడి సంగతి వదిలేయండి. తేలాల్సింది ఒక్కటే: ఆ మట్టికి నూనె అంటిందా లేదా? అంటితే, న్యూజెర్సీ స్పిల్ చట్టం కింద శుభ్రం చేయించే భారం ముందు మీ మెడకే చుట్టుకుంటుంది. తప్పు నాది కాదంటే అక్కడ చెల్లదు.

ఊసెత్తకపోతే అది మోసం. భూగర్భ ట్యాంకు గురించి ఫారంలో ప్రశ్నే ఉంటుంది. ఇల్లు చేతులు మారినా దావా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. ట్యాంకు లేకపోయినా గోడ పక్క మిగిలిన, నూనె నింపే ఫిల్ పైపు ముక్క, బేస్‌మెంట్‌లో కోసి వదిలేసిన సన్నని రాగి గొట్టాలు చాలు, గుట్టు బయటపడటానికి.

ఇక చీవాట్లు. ట్యాంకును పైకెత్తి, తుప్పు గీకి అడుగున చిల్లులు వెతికి, మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు చూశాకే గొయ్యి పూడ్చాలి. ఆ ఒక్క పూట దాటితే అసలు సాక్ష్యం మట్టిపాలే. పర్మిట్ చూపించమని ఒక్క మాట అడగలేకపోయారా?

కాంట్రాక్టరుపై దావా వేయాలంటే, ఒప్పంద ఉల్లంఘనకైనా, ఆస్తి నష్టానికైనా కాలపరిమితి 6 ఏళ్ళు. అంటే మీకు మిగిలింది 10 నెలలు. ఇప్పుడే తెలిసిందని వాదించవచ్చు గానీ, పర్మిట్ లేదని ఆనాడే తెలుసుకోవచ్చుగా అంటారు, దాన్ని నమ్ముకోవద్దు. ఇంటి పాత యజమాని నుంచి శుద్ధి ఖర్చులో వాటా రాబట్టే స్పిల్ చట్టం దావాకు మాత్రం కాలపరిమితి లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. నూనె కారింది ఆయన హయాంలోనే అని రుజువు చేయాల్సింది మీరే.

500 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అది లేకపోవడాన్ని వినియోగదారుల మోస నిరోధక చట్టం కింద ఎత్తిచూపవచ్చు. నష్టాన్ని రసీదులతో నిరూపిస్తే మూడింతలు రావచ్చు. అందుకే ఆనాటి బ్యాంకు విత్‌డ్రాయల్, మెసేజ్‌లు, ఫోటోలు ఈరోజే భద్రపరచండి. కోపంతో మెసేజ్‌లు పెట్టకండి. కాంట్రాక్టరుకు సర్టిఫైడ్ పోస్టులో నోటీసు పంపండి.

మునిసిపల్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో మీ చిరునామా ఫైలు ఓప్రా (ప్రభుత్వ రికార్డులు కోరే చట్టం) దరఖాస్తుతో తీయించండి. తర్వాత రాష్ట్ర పర్యావరణ శాఖ, అంటే డీఈపీ, సర్టిఫికేషన్ ఉన్న సబ్‌సర్ఫేస్ ఇవాల్యుయేటర్‌తో (భూమి లోపలి మట్టిని పరిశీలించే నిపుణుడితో) పాత గొయ్యి మేర బోరింగ్ వేయించి మట్టిని ల్యాబుకు పంపించండి. పరీక్ష చేసే సంస్థకే శుద్ధి పని ఇవ్వకండి. మట్టి ఎంత చెడిందని చెబితే ఆ సంస్థకు అంత బిల్లు. శుద్ధి ఒప్పందంలో సర్టిఫికేషన్ నంబరు, పర్మిట్ తీసుకునేది ఎవరు, చెడిన మట్టికి టన్ను ధర, మట్టి పారబోసిన రసీదులు ఇవ్వాలన్న షరతు రాయించండి. తవ్వకానికి 3 పనిదినాల ముందు భూమిలోని పైపులు, తీగలు గుర్తించి చూపే 811 నంబరుకు ఫోను చేయాలి.

మట్టి శుభ్రంగా ఉంటే ఆ రిపోర్టుతో పర్మిట్ లోటు ఎలా సరిచేస్తారో కన్‌స్ట్రక్షన్ ఆఫీసునే అడగండి. చెడితే వెంటనే డీఈపీ హాట్‌లైన్‌కు చెప్పి కేసు నంబరు తీసుకోండి. శుద్ధి ముగిశాక వచ్చే ‘నో ఫర్దర్ యాక్షన్’ (ఇక చేయాల్సిందేమీ లేదు) లేఖే మీకు కావాల్సిన కాగితం. అంతవరకూ అమ్మకం ఆగనక్కర్లేదు, ధరలో కొంత ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) ఉంచుతామని కొనేవారి లాయరుకు చెప్పి చూడండి. శుద్ధికి డాలరు ఖర్చుపెట్టే ముందే ఇంటి బీమా కంపెనీకి రాతలో తెలపండి. మీ సొంత మట్టికి పాలసీ వర్తించకపోయినా, భూగర్భజలం చెడితే లయబిలిటీ (ఇతరులకు కలిగిన నష్టానికి బీమా) కింద అడిగే వీలుంటుంది.