కంపెనీ పెట్టుకోవడానికి లాయరు కావాలా?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. మూడేళ్లుగా గానుగ నూనె తీసి అమ్ముతున్నాను. దుకాణం, కరెంటు మీటరు, ఆహార లైసెన్సు, జీఎస్టీ అన్నీ నా పేరు మీదే ఉన్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది రూ. 8 లక్షలు పెడతానంటున్నాడు. చెరి సగం వాటాతో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాలని అనుకుంటున్నాం. అతను ఉద్యోగం మానడు కాబట్టి రెండో డైరెక్టరుగా పేరుకు మా ఆవిడను పెడదామనుకుంటున్నాం. ఊళ్లో తెలిసినవాళ్లు నలుగురైదుగురు నూటికి రెండు రూపాయల వడ్డీకి కంపెనీకి డబ్బు సర్దుతామంటున్నారు. లాయరు లేకుండా మేమే ఆన్‌లైన్‌లో కంపెనీ రిజిస్టరు చేసుకోవచ్చా? నష్టం వస్తే మా ఇల్లు పోకుండా ఉంటుందా?
— ఒక పాఠకుడు

జవాబు: లాయరు లేకుండా కంపెనీ పెట్టుకోవచ్చు. కానీ పూర్తిగా మీరిద్దరే పెట్టుకోవడం కుదరదు. ఏర్పాటుకు సంబంధించి చట్టం కోరినవన్నీ సక్రమంగా జరిగాయని ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది గానీ, చార్టర్డ్ అకౌంటెంటు గానీ, కాస్ట్ అకౌంటెంటు గానీ, కంపెనీ సెక్రటరీ గానీ సంతకం చేసి చెప్పాలని 2013 కంపెనీల చట్టంలోని 7వ సెక్షన్ అంటోంది. ఈ నలుగురిలో ఒక్కరు చాలు. మీ లెక్కలు చూసేది చార్టర్డ్ అకౌంటెంటు అయితే ఆయనే ఈ పని చేసిపెట్టగలరు. రిటర్నులు వేసిపెట్టే ట్యాక్స్ కన్సల్టెంటు సంతకం మాత్రం చెల్లదు. అతి తక్కువ ఫీజుకే కంపెనీ పెట్టిస్తామనే ప్రకటనల వెనక కూడా ఇలాంటి సంతకమే ఉంటుంది. అందరికీ ఒకే అచ్చు కాగితాలు కాబట్టే వాళ్లకు ఆ ధర గిట్టుబాటవుతుంది. మీ ఇద్దరి మధ్య ఏ ఒప్పందం ఉందో వాళ్లు అడగరు.

ఫారాల సంగతి క్లుప్తంగా చెబుతాను, అందులో భయపడాల్సిందేమీ లేదు. దరఖాస్తంతా కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో, 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న స్పైస్ ప్లస్ ఫారంలోనే సాగుతుంది. మొదటి భాగం పేరు కోసం. రూ. 1,000 కట్టి రెండు పేర్లు ప్రతిపాదించవచ్చు. ఆమోదించిన పేరును 20 రోజులు మీకోసం అట్టిపెడతారు. రెండో భాగంలో డైరెక్టర్లు, వాటాలు, చిరునామా వివరాలు ఇస్తారు. డైరెక్టరు నంబరు, పాన్, టాన్ (చెల్లింపుల్లో పన్ను కోసి కట్టడానికి వాడే నంబరు), పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు ఖాతా ఇందులో భాగంగానే వస్తాయి. కావాలంటే జీఎస్టీకి కూడా ఇక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అధీకృత మూలధనం, అంటే కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ విలువ, రూ. 15 లక్షలు దాటకపోతే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, రాష్ట్ర స్టాంపు డ్యూటీ మాత్రం ఉంటుంది. సంతకాలు పెట్టేవాళ్లందరికీ మూడో తరగతి డిజిటల్ సిగ్నేచర్ కావాలి. ఇంటినే రిజిస్టర్డ్ ఆఫీసుగా చూపవచ్చు. యజమాని అంగీకార పత్రం, రెండు నెలలకు మించి పాతబడని కరెంటు బిల్లు ఉంటే సరిపోతుంది. దరఖాస్తును పరిశీలించేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర రిజిస్ట్రేషన్ కార్యాలయం. ఆ తరువాత మీరు జవాబుదారీగా ఉండాల్సింది హైదరాబాద్‌లోని కంపెనీల రిజిస్ట్రారుకు.

పేరు విషయంలో ఒక్కమాట. బోర్డు మీద మూడేళ్లుగా ఉన్న పేరే కంపెనీకి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అలాంటి పేరుతో ఇప్పటికే కంపెనీ ఉన్నా, వేరొకరి ట్రేడ్‌మార్కు ఉన్నా తిరస్కరిస్తారు. స్పెల్లింగు కొద్దిగా మార్చడం, బహువచనం చేయడం, పదాల మధ్య ఖాళీ తీసేయడం లాంటివి చేస్తే అది కొత్త పేరు అయిపోదు. దరఖాస్తుకు ముందే ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతకండి, అందుకు డబ్బు కట్టనక్కర్లేదు. ట్రేడ్‌మార్కుల వర్గీకరణలో వంటనూనెలు 29వ తరగతిలో వస్తాయి.

ఇక నేను మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాలనుకునే విషయం ఆర్టికల్స్. కంపెనీ లోపల ఎవరికి ఏ అధికారం, ఎవరి మాట ఎప్పుడు చెల్లుతుంది అన్నది అందులో ఉంటుంది. సొంతంగా ఏమీ రాయకపోతే చట్టంతో పాటు ఇచ్చిన ‘టేబుల్ ఎఫ్’ అనే నమూనాను యథాతథంగా తీసుకుంటారు. ఆ నమూనాలో 68వ నిబంధన చదవండి. బోర్డు సమావేశంలో ఓట్లు సమానంగా వస్తే చైర్మన్‌కు రెండో ఓటు, అంటే కాస్టింగ్ ఓటు ఉంటుందని అందులో ఉంది. చెరి సగం అనుకుని మొదలుపెట్టిన కంపెనీలో మొదటి సమావేశం రోజు మర్యాదకు ఎవరినో ఒకరిని చైర్మన్‌ను చేస్తారు. ఆ రోజు నుంచి బోర్డులో సగం సగం అన్నది లేదు. వాటాదారుల సమావేశంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన చిక్కు వస్తుంది. అక్కడ సాధారణ తీర్మానానికి సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలి. మీకు 50, అతనికి 50 ఉంటే ఒక్కరు అలిగి కూర్చున్నా ఏ తీర్మానమూ నెగ్గదు. అప్పుడు మిగిలే దారి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్. అక్కడికి వెళ్లాక కంపెనీ విలువా మిగలదు, బంధుత్వమూ మిగలదు.

ఆర్టికల్స్ అలాగే ఉంచి, స్టాంపు పేపరు మీద విడిగా రాసుకుంటామని మీరు అనవచ్చు. చాలామంది చేసేది అదే. కానీ వి.బి. రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో వినండి. అది ఒకే కుటుంబంలోని రెండు శాఖల ప్రైవేటు కంపెనీ. ఏ శాఖ వాటాలు ఆ శాఖలోనే ఉండాలని పెద్దలు ఒప్పందం చేసుకున్నారు, కానీ దాన్ని ఆర్టికల్స్‌లోకి ఎక్కించలేదు. ఆ తరువాత ఒకరు వాటాలను అవతలి శాఖకు అమ్మేశారు. ఆర్టికల్స్‌లో లేని నిషేధం కంపెనీకి గానీ, వాటాదారులకు గానీ కట్టుబాటు కాదని కోర్టు తేల్చింది. కాబట్టి మీరు రాసుకున్నది ఏదైనా ఆర్టికల్స్‌లో ఉండాలి. బావమరిది తన వాటాను బయటివారికి అమ్మాలనుకుంటే ముందు మీకు చూపాలా, ధర ఎవరు కట్టాలి? రోజంతా గానుగ దగ్గర ఉండే మీకు నెల జీతం ఎంత? అతను రేపు ఉద్యోగం మాని వస్తే జీతం లెక్క మారుతుందా? ఇద్దరిలో ఒకరికి జరగరానిది జరిగితే వాటా ఎవరికి పోతుంది? బ్రాండు పేరు కంపెనీదా, మీదా? ఇవి రాయించడానికి మాత్రం కంపెనీ వ్యవహారాలు తెలిసిన న్యాయవాది దగ్గర కూర్చోండి. ఖర్చు తగ్గించుకోవాల్సిన చోటు ఇది కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది నూటికి రెండు రూపాయల మాట. మన ఊళ్లలో ప్రామిసరీ నోటు రాసి అప్పు తీసుకోవడం మామూలే. మీ సొంత పేరు మీద మీరు తీసుకుంటే అది మీకూ, ఇచ్చినవారికీ మధ్య లెక్క. అదే డబ్బు కంపెనీ పేరు మీద తీసుకుంటే చట్టం దాన్ని ‘డిపాజిట్టు’ అంటుంది. ఇరుగుపొరుగు నుంచి, స్నేహితుల నుంచి ప్రైవేటు కంపెనీ డిపాజిట్టు తీసుకోవడం నిషిద్ధం. తీసుకుంటే 76ఏ సెక్షన్ ప్రకారం కంపెనీకి కనీస జరిమానాయే రూ. కోటి లేదా తీసుకున్న మొత్తానికి రెట్టింపు, వీటిలో ఏది తక్కువైతే అది. బాధ్యులైన డైరెక్టర్లకు ఏడేళ్ల వరకు జైలు, రూ. 25 లక్షలకు తగ్గని జరిమానా. మంచి మనసుతో తీసుకున్నాం, నెలనెలా వడ్డీ కట్టాం అన్నా ఈ నిషేధం తప్పదు.

డైరెక్టరు, డైరెక్టరు బంధువు ఇచ్చే అప్పుకు మినహాయింపు ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ఇళ్లలో బావమరిదిని మించిన బంధువు ఉండడు. కంపెనీల చట్టం లెక్కలో మాత్రం భార్య, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బంధువులే గానీ భార్య సోదరుడు ఆ జాబితాలో లేడు. మీ ఆవిడ డైరెక్టరైతే ఆమె తమ్ముడిగా అతను బంధువవుతాడు, మీ తరఫున కాడు. పైగా ఇచ్చేవారు అది తాము మరొకరి దగ్గర అప్పు తెచ్చిన డబ్బు కాదని రాసి ఇవ్వాలి. అంటే ఊళ్లో వాళ్ల దగ్గర మీరు అప్పు తెచ్చి కంపెనీకి తిరిగి అప్పివ్వడం, బావమరిది బెంగళూరులో పర్సనల్ లోన్ తీసుకుని కంపెనీకి సర్దడం రెండూ కుదరవు. వాటాలకు కట్టే డబ్బుకు ఈ చిక్కు లేదు. కాబట్టి రూ. 8 లక్షలు వాటా మూలధనంగా, అతని బ్యాంకు ఖాతా నుంచే రానివ్వండి. ఇద్దరి వాటా సొమ్మూ మీ ఖాతా నుంచి కట్టి తరువాత సర్దుకుందాం అనుకోవద్దు. కంపెనీ ఏర్పడ్డాక కొత్త వాటాల కోసం విడతలుగా డబ్బు పంపితే ప్రతి విడతకూ 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి. అలా కాకపోతే ఆపై 15 రోజుల్లో తిరిగివ్వాలి. అదీ చేయకపోతే అది కూడా డిపాజిట్టే.

మీ ఆవిడను పేరుకు డైరెక్టరుగా పెట్టడం గురించి. ‘పేరుకు డైరెక్టరు’ అనే హోదా చట్టంలో లేదు. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు గానీ, వార్షిక రిటర్ను గానీ దాఖలు చేయకపోతే డైరెక్టర్లందరూ అయిదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా కొత్తగా నియమితులు కాలేరు. 2017లో ఇలా అనర్హులైనవారు లక్షల్లో ఉన్నారు. వారిలో ఎందరో భార్యలు, తల్లులు, కోడళ్లు. తాము డైరెక్టర్లమన్న సంగతే అప్పుడు తెలిసినవాళ్లూ ఉన్నారు. ఆమెను పెడితే పెట్టండి, కానీ కాగితాలు చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే. ఆమె ఫోనుకు వచ్చే ఓటీపీని మరొకరికి చెప్పే ఏర్పాటు మాత్రం వద్దు.

ఇల్లు పోకుండా ఉంటుందా అన్నారు. కంపెనీ వేరు, వాటాదారు వేరు అన్న సూత్రం 1896లో ఇంగ్లండులో శాలమన్ కేసు నాటి నుంచి నిలబడి ఉంది, మన కోర్టులూ పాటిస్తాయి. వాటాకు కట్టాల్సింది కట్టేశాక కంపెనీ అప్పుకు మీ ఆస్తి పూచీ కాదు. కానీ చిన్న కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు సాధారణంగా డైరెక్టర్ల సొంత హామీ అడుగుతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజున ఆ అప్పు మేరకు రక్షణ పోయినట్టే. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లి అప్పులు ఎలా తీర్చాలో చెప్పే పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందినా, హామీదారు బాధ్యత దానంతట అదే తీరిపోదని 2021లో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మోసం చేసే ఉద్దేశంతో వ్యాపారం నడిపారని తేలినా సొంత ఆస్తికి రక్షణ ఉండదు.

ఇప్పుడున్న గానుగను కంపెనీకి మార్చడం మరో పని. జీఎస్టీ, ఆహార లైసెన్సు మీ పేరు మీదివి కంపెనీకి వాటంతటవే రావు, కొత్తగా తీసుకోవాలి. యంత్రాలు, దుకాణం కంపెనీకి బదిలీ చేస్తే మూలధన లాభం పన్ను (ఆస్తి బదిలీలో వచ్చే లాభం మీద పన్ను) పడకుండా ఆదాయపు పన్ను చట్టంలో వెసులుబాటు ఉంది. వ్యాపారానికి చెందిన ఆస్తులు, అప్పులు అన్నీ కంపెనీకి పోవాలి, బదులుగా మీకు వాటాలు తప్ప ఇంకేమీ రాకూడదు, ఓటింగులో మీ వాటా అయిదేళ్లపాటు సగానికి తగ్గకూడదు. మీరు సరిగ్గా సగం అనుకుంటున్నారు. రేపు మూడోవారు చిన్న వాటా తీసుకున్నా మీది 50 శాతం కిందికి దిగి, వదిలేసిన పన్ను తిరిగి మెడకు చుట్టుకుంటుంది. నా సలహా 55–45 లాంటి నిష్పత్తి. అప్పు చేయడం, ఆస్తి అమ్మడం, మీ జీతం పెంచడం లాంటి కొన్ని పనులకు అతని అంగీకారం తప్పనిసరి అని ఆర్టికల్స్‌లో రాస్తే అతనికీ అన్యాయం జరగదు.

రిజిస్ట్రేషన్ అయ్యాక 30 రోజుల్లో మొదటి బోర్డు సమావేశం, ఆడిటరు నియామకం జరగాలి. రెండు నెలల్లో వాటా పత్రాలు ఇవ్వాలి. వాటా సొమ్ము ఖాతాలో పడిందని 180 రోజుల్లో ఐఎన్‌సీ–20ఏ ఫారం దాఖలు చేయాలి. అది చేయకుండా వ్యాపారం మొదలుపెట్టడానికి గానీ, అప్పు తీసుకోవడానికి గానీ వీల్లేదు. మరచిపోతే కంపెనీకే రూ. 50,000 జరిమానా. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. లెక్కలు, వార్షిక రిటర్ను ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు రూ. 100 చొప్పున పెరుగుతూనే పోతుంది.

ఈ భారం ఎక్కువ అనిపిస్తే లిమిటెడ్ లయబిలిటీ పార్టనర్‌షిప్, అంటే ఎల్ఎల్‌పీ కూడా ఆలోచించండి. అందులోనూ బాధ్యత పరిమితమే. టర్నోవరు రూ. 40 లక్షలు గానీ, పెట్టుబడి రూ. 25 లక్షలు గానీ దాటేదాకా ఆ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. దానికీ మొదట చెప్పిన న్యాయవాది, చార్టర్డ్ అకౌంటెంటు తదితర నలుగురిలో ఒకరి సంతకం కావాలి. కానీ 2008 ఎల్ఎల్‌పీ చట్టం మొదటి షెడ్యూలు చూడండి: విడిగా ఒప్పందం రాసుకోకపోతే లాభనష్టాలు సమానం, పనిచేసే భాగస్వామికి జీతం ఉండదు. గానుగ తిప్పేది మీరే కాబట్టి ఆ ఒప్పందం మీకే ఎక్కువ అవసరం.

ముందుగా మీ బావమరిదిని తన ఉద్యోగ నియామక పత్రం తీసి చదవమనండి. వేరే వ్యాపారంలో పాలుపంచుకోకూడదనే షరతు అందులో ఉంటే డైరెక్టరు పదవికే కాదు, వాటాకు కూడా యాజమాన్యం అనుమతి అడగాల్సి రావచ్చు. ఆ జవాబు వచ్చాక ఇద్దరూ కలిసి న్యాయవాది దగ్గరికి వెళ్లి ఆర్టికల్స్ రాయించుకోండి, ఆ తరువాత చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర ఫారాలు వేయించండి. ఈలోగా కంపెనీ పేరు చెప్పి ఊళ్లో ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోవద్దు.